నాలుగు వేళ్ళ తేడా

"గుడ్డ చాలలేదయ్యా," అంది అవ్వ.

మేడమెట్ల కింద కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డ పొడిగానే ఉంది. పక్కన బకెట్టులో ఉప్పునీళ్ళు నిండుగా ఉన్నాయి. అంటే పని ఇంకా మొదలుపెట్టలేదు. గోడ గడియారం చూశాను. రెండూ ఇరవై.

"ఎంత చాలలేదు?"

"నాలుగు వేళ్ళు." తన వేళ్ళే దగ్గరగా పెట్టి చూపించింది. "మూడుసార్లు ఆనించి చూశాను. ఇటు జరిపితే అటు బయటపడుతోంది."

నీడలు కడగడం ఆమె పని. మనిషి ప్రాణం పోయే క్షణంలో అతని నీడ ఎక్కడ పడితే అక్కడ అంటుకుపోతుంది. శవాన్ని తీసేసినా అది కదలదు. ఉప్పునీళ్ళతో తుడిస్తేనే పోతుంది, తుడిచేదాకా శవాన్ని పూడ్చరు. జబ్బుతో పోయేవాళ్ళకయితే ఇంట్లోవాళ్ళు మంచానికి నేరుగా పైన దీపం పట్టుకుంటారు, నీడ పక్కగుడ్డలోనే ఉండిపోయేట్టు. గోడ మీద పడిందంటే ఆ మనిషి మంచం మీద పోలేదని అర్థం.

తుడిచే గుడ్డని పోయినవాడి చొక్కా వీపు నుంచే కత్తిరిస్తారు. ఈ భుజం కుట్టు నుంచి ఆ భుజం కుట్టు దాకా. పాదాల దగ్గర మొదలుపెట్టి తల దాకా ఒకే ఊపు. రెండో ఊపు ఉండకూడదు. అందుకని గుడ్డ భుజాలకు సరిపోవాలి. ఎప్పుడూ సరిపోతుంది. ఎండ మనిషిని పొడుగు చేస్తుంది, పొట్టి చేస్తుంది. లావు చెయ్యదు.

దీపం చేస్తుంది.

"ఇట్లా చాలకపోవడం ఇంతకుముందు ఎప్పుడన్నా చూశావా అవ్వా?"

"నలభై ఏళ్ళలో ఒక్కసారి." నా మొహంలోకి చూసింది. "నీకు తెలుసు ఎప్పుడో."

తెలుసు. పదకొండేళ్ళయింది. ఇప్పుడు ఈ నీడని చదివిన నీడల అధికారే అప్పుడూ. నీడ తల ఎంత ఎత్తున పడిందో కొలిచి, ఎండ వాలుని బట్టి చావు టైము చెప్పడం అతని పని. గోడ మీద తల ఎత్తు కొలిచి, సాయంత్రం నాలుగుగంటల చావు అని రాశాడు. నాలుగింటికి ఆ చావు జరిగిన గదిలో ఉన్నది నా తమ్ముడు. నీడ సాక్ష్యానికి పై కోర్టు లేదు. మూడోరోజు పొద్దున వాణ్ణి ఉరి తీశారు. వాడికి ఇరవై రెండేళ్ళు.

"అప్పుడు అధికారికి చెప్పాను," అంది అవ్వ. "నువ్వు గుడ్డ మాట చెప్తావు, నేను గడియారం మాట చెప్తున్నా, పోవే అన్నాడు. పోయాను. పక్కపక్కన రెండు ఊపులు తుడిచి పోయాను. ఇప్పుడు మాత్రం కడగను. సూర్యుడు కుంగేలోగా కడగకపోతే నా పని తీసేస్తారట. తీసేసుకోమను."

"కడగకు. నేను చెప్పేదాకా బకెట్టు కదపకు."

నిన్న పొద్దుటి పడవకే బయల్దేరి ఉంటే పెద్దమేస్త్రిని ప్రాణంతో చూసేవాణ్ణి. పడవలు కట్టడంలో అంతటి పనివాడు ఈ తీరంలో లేడు. నాకు పరిచయం లేదు. నాలుగు రోజుల కిందట ఉత్తరం వచ్చింది. రెండే ముక్కలు. "నీ తమ్ముడి సంగతి ఒకటి నా కడుపులో ఉండిపోయింది. వచ్చి తీసుకుపో." నేను దిగేసరికి ఆయన కింద గదిలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఆయన తమ్ముడు చిన్నమేస్త్రి లాకప్పులో ఉన్నాడు. నీడ చదివి ఐదుంపావు చావు అన్నారు, ఆ టైముకి ఆ గదిలో ఉన్నది అతనే. రేపు పొద్దున్నే ఉరి.

పొద్దున లాకప్పుకి వెళ్ళి చూశాను. ఊచలు పట్టుకుని ఒకటే మాట అన్నాడు. "నేను వెళ్ళేసరికే అన్న చేతులు చల్లగా ఉన్నాయండీ."

నమ్మాను. పదకొండేళ్ళ కిందట ఇంకొకడు ఇట్లాగే ఊచలు పట్టుకుని నాతో మాట్లాడాడు. అప్పుడు నేను ఏమీ చెయ్యలేకపోయాను.

*

పెద్దమేస్త్రి భార్య ముందుగదిలో బల్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. నా ఆరా బిళ్ళ చూపించాను. చావుల ఆరా తీసేవాళ్ళకి కోర్టు ఇచ్చేది, నీడ కడిగేదాకా ఏ గదికైనా చెల్లుతుంది.

"ఇంకేం ఆరా?" అంది. "చంపినవాడు దొరికాడుగా. రేపు ఉరికంబం దగ్గర ముందు వరసలో చోటు కావాలని కబురు పెట్టాను. వాడి కాళ్ళు కొట్టుకోవడం చూడాలి. చేతులారా అన్నం పెట్టి పెంచానండీ ఆ మరిదిని."

"నాలుగు మాటలు అడుగుతానమ్మా. నిన్న ఆయన మేడ మీదకి ఎన్నింటికి వెళ్ళారు?"

"భోజనం చేసి ఒంటిగంటకి. కొత్త పడవకి గీతలు గియ్యాలన్నారు."

"కిటికీలు?"

"మధ్యాహ్నం మూసుకుంటారు. వేడిగాలికి సుద్దగీతలు చెరుగుతాయని. మూడు దాటాక మళ్ళీ తెరుచుకునేవారు."

"మీరెక్కడున్నారు?"

"రెండింటికి మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఐదున్నరకి వచ్చేసరికి అరుపులు."

"పనివాళ్ళు?"

"రెండు నుంచి మూడు దాకా అందరూ కిందనే, నీళ్ళ ఒడ్డున. పెద్ద పడవని గట్టెక్కించారు. ఒకటే కేకలు. మేడ మీద పిడుగు పడినా వినపడదు."

"చిన్నమేస్త్రి ఐదుంపావుకి పైకి వెళ్ళాడన్నారు. అనుకోకుండా వెళ్ళాడా?"

"రోజూ వెళ్తాడు. ఐదింటికి పని ఆగుతుంది, ఐదుంపావుకి వెళ్ళి ఏం పూర్తయిందో అన్నకి చెప్తాడు. ఈ రేవులో పిల్లాణ్ణి అడిగినా చెప్తారు."

అంటే ఆ టైముకి ఆ గదిలో ఎవడుంటాడో ఊరందరికీ తెలుసు.

"అధికారికి కబురు ఎప్పుడు వెళ్ళింది?"

"నేను వచ్చాకనే. ఐదున్నరకి మా వంటమనిషిని పంపాను."

"ఆయన ఎప్పుడొచ్చారు?"

"ఎంతసేపు? పావుగంటలో వచ్చేశారు. వెలుతురు పోకముందే కొలవాలని పరిగెత్తుకుంటూ వచ్చారట, పాపం."

అధికారి ఆఫీసు ఏటికి అవతల. నేను చేతిగడియారం చూసుకున్నాను. రెండూ నలభై ఐదు.

"అమ్మా, ఆ వంటమనిషినే ఇప్పుడు మళ్ళీ పంపండి. అవ్వ కడగనంటోంది, మీరొచ్చి ఆర్డరు వెయ్యాలి అని చెప్పించండి. నిన్నటిలాగే త్వరగా వెళ్ళమనండి."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. కానీ పంపింది.

"ఒక్కటి. ఆయన నాకు ఉత్తరం రాసిన సంగతి ఎవరికైనా చెప్పారా?"

"అధికారిగారికే చెప్పారు. నేను వద్దన్నాను. అట్లా వెనక నుంచి చేస్తే బాగుండదే, ముందు ఆయన మొహాన చెప్పి తర్వాత అతనికి చెప్తాను అన్నారు." పైట కొంగు సర్దుకుంది. "ఆయన అంతేనండీ. చెక్కలో పగులుంటే కొనేవాడికి ముందే చూపించే మనిషి."

"ఏం చెప్తానన్నారు?"

"అది నాకూ చెప్పలేదు. ఎప్పుడో అధికారిగారికి ఒక సామాను చేసి ఇచ్చారట. అది ఎందుకో తర్వాత తెలిసిందిట. అంతే."

*

మేడ మీద గదిని గీతల గది అంటారు. పడవ అడ్డుకోతలన్నీ నిజం సైజులో నేల మీద గీస్తారు. ఆ గీతల మీద పెట్టుకుని కింద చెక్కలు కోస్తారు. అందుకని నేలంతా నల్లరంగు పలకలు. గీతలు చెరగకుండా ఎవరైనా సరే చెప్పులు బయట విడిచి గోడవారగా నడవాలి. నేను అట్లాగే నడిచాను.

తూర్పుగోడకి సున్నం. దాని మీద ఆయన.

ఆరడుగుల మనిషి. నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పక్కలకి చాచి ఉన్నాయి. మసికన్నా నలుపు, అంచులు కత్తిరించినట్టు. అవ్వ గుడ్డ తెచ్చి ఆనించాను. పద్దెనిమిది అంగుళాల గుడ్డ. కుడివైపు రెండు వేళ్ళు, ఎడమవైపు రెండు వేళ్ళు బయటికి వచ్చాయి. అధికారి ఇది చూడలేదు. వాళ్ళ పుస్తకంలో తల ఎత్తు కొలవమని ఉంది, భుజాలు కొలవమని లేదు. కడిగేవాళ్ళకి మాత్రమే భుజాలతో పని.

కొయ్యసుత్తి దెబ్బ. తల వెనక ఎముక లోపలికి పోయింది. పొద్దున శవాన్ని చూశాను. అట్లాంటి దెబ్బ తిన్నవాడు నిలబడడు. పడతాడు, పడ్డాక పోతాడు. నీడ నేల మీద ముద్దలా పడాలి.

ఇది నిలబడింది.

గోడకి అడుగున్నర దూరంలో వంగి చూశాను. సుద్దగీతల మీద ఆయన కాలివేళ్ళు ఈడ్చుకున్న చారలు. మడమల గుర్తు లేదు. ఒంటి బరువు పాదాల మీద లేదన్నమాట.

మళ్ళీ నీడ దగ్గరికి వచ్చాను. చాచిన చేతుల్లో మణికట్టు దగ్గర నీడ తెగింది. కాస్త ఖాళీ సున్నం, తర్వాత మళ్ళీ వేళ్ళు. రెండు చేతులకీ అంతే. బతికున్నవాడి నీడ కలిసిన మేర పోయినవాడి నీడ అంటుకోదు. కుడి మణికట్టు దగ్గర ఖాళీ మూడు వేళ్ళ వెడల్పు. ఎడమవైపు ఐదు.

ఇద్దరు. చెరో చెయ్యీ పట్టుకుని నిలబెట్టారు, ఊపిరి ఆగేదాకా. అందులో ఒకడి చెయ్యి చాలా పెద్దది.

ఎదురుగా పడమటి కిటికీ. కిటికీకీ నీడకీ మధ్య, గోడకి పదడుగుల పైన, నేల మీద మూడుచోట్ల సుద్ద చెరిగి ఉంది. రూపాయంత గుండ్రాలు. మూడు కాళ్ళది ఏదో నిలబెట్టారు. ఆ గుండ్రాలు పడింది కొత్తగీత మీద, నిన్న ఒంటిగంట తర్వాత ఆయన గీసినది. గీత అక్కడ సగంలో ఆగిపోయింది. సుద్దముక్క పక్కనే పడి ఉంది.

నేను చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాను. కోపం రాలేదు. కోపం ఎప్పుడో అయిపోయింది. లేచి వెనక తలుపు వైపు నడిచాను.

వెనక వైపు నీళ్ళలోకి దిగే మెట్లున్నాయి. ఆ తలుపు గడియ లోపలివైపే ఉంది. తీసి ఉంది. పెద్దమేస్త్రి తనే తీసి ఉంటాడు, మొహాన చెప్పాలనుకున్న మనిషి వస్తే.

*

అధికారి వచ్చేసరికి మూడూ నలభై. వంటమనిషి వెళ్ళి యాభై ఐదు నిమిషాలు. ఆమె రొప్పుతోంది.

అధికారి సన్నటి మనిషి. చేతులు ఆడవాళ్ళ చేతుల్లా ఉంటాయి. బూట్లతోనే గీతల మీదుగా నడిచి వచ్చాడు. వెనక జవాను, గుమ్మం పట్టనంత మనిషి. భుజాన మడతపెట్టిన మూడుకాళ్ళ స్టాండు. అవ్వ కూడా బకెట్టు మోసుకుంటూ పైకి వచ్చి మూల నిలబడింది.

"ఏం మూగాయనా," అన్నాడు అధికారి. మాట తక్కువని నన్ను అందరూ అట్లాగే అంటారు. "మళ్ళీ వచ్చావా? ఉరికంబాలున్న చోటల్లా కనిపిస్తున్నావు. వాసన పట్టేస్తావా?"

"పని పడిందండీ."

"పని నీకు కాదు, ఆమెకి. ఏమే ముసలీ, ఎందుకు కడగలేదు?"

"ఆయన వద్దన్నాడు," అంది అవ్వ నన్ను చూపిస్తూ.

"ఆయనెవరు వద్దనడానికి? చదవడం అయిపోయింది. ఐదుంపావు. రిపోర్టు వెళ్ళిపోయింది. ఇంకేం కావాలి?"

"ఒక చిన్న చిక్కు ఉందండీ," అన్నాను. తలకాయ గోక్కున్నాను. "ఆ చేతుల దగ్గర తెగిందేమిటా అని."

"కిటికీ ఊచలు. ఎండ ఊచల్లోంచి పడితే అట్లాగే ఉంటుంది. పల్లెబడిలో ఇవి చెప్పరు."

"చెప్పలేదండీ."

జవాను నవ్వాడు. అధికారి ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు.

"ఇంకోటి. నేల మీద ఈ మూడు గుర్తులు. ఎవరో దీపం స్టాండు పెట్టినట్టున్నారు. రేపు ఉరికి ముందు చిన్నమేస్త్రి తరఫు ప్లీడరు ఇది పట్టుకుంటాడు. ఎవరిదో తెలియని దీపం గదిలో ఉందంటాడు. ఉరి ఆపమంటాడు."

అతని కళ్ళు ఆ గుండ్రాల మీదకి వెళ్ళి వచ్చాయి. ఒక్క క్షణమే.

"అది నాదే," అన్నాడు. "చదవడం వెలుతుర్లోనే అయింది. ఆరింటికి చీకటి పడుతుంటే రిపోర్టు రాయడానికి స్టాండు వేయించాను. ఇదిగో, ఇదే స్టాండు."

"నేనూ అదే అనుకున్నానండీ. వేరేవాళ్ళు ఎవరన్నా పెట్టారేమోనని..."

"ఈ జిల్లాలో ఇట్లాంటి స్టాండు ఇంకెవడికి ఉంది? ఇంకెవడు ముట్టుకుంటాడు?"

"ఆ ముక్క రాసిచ్చేయండి. ప్లీడరు నోరు మూతపడుతుంది. నేనూ సాయంత్రం పడవకి వెళ్ళిపోతాను."

నన్ను పంపించేయడం ఒక్కటే అతనికి కావాలి. అక్కడే గీతలబల్ల మీద కాగితం లాక్కుని రాశాడు. చక్కటి దస్తూరి. ఆ మూడు గుర్తులు తన స్టాండువే అని. తన చేత్తోనే పెట్టానని. గదిలో వేరే దీపం లేదని, స్టాండు ఎప్పుడూ పరాయి చేతికి వెళ్ళలేదని. సంతకం చేశాడు. టైము వేశాడు, నాలుగూ ఐదు. సాక్షిగా జవాను చేత వేలిముద్ర వేయించాను. నీలిమందు పూసిన ఆ బొటనవేలు కాగితంలో పావువంతు ఆక్రమించింది.

కాగితం ఆరబెట్టి అవ్వకి ఇచ్చాను. "కిందకి తీసుకెళ్ళి అమ్మగారి చేతికివ్వు. బకెట్టు ఇక్కడే ఉండనీ."

అవ్వ వెళ్ళింది. మెట్ల మీద ఆమె అడుగులు ఆగిపోయేదాకా ఆగాను.

"ఇక కడిగించు," అన్నాడు అధికారి.

"కూర్చో," అన్నాను.

ఆ ఏకవచనం అతనికి ముందు అర్థం కాలేదు. తర్వాత మొహం ఎర్రబడింది.

"ఏమన్నావురా?"

"స్టాండు ఇట్లా ఇవ్వు," అని జవాను భుజం మీద నుంచి తీసుకున్నాను. వాడు అయ్యగారి వైపు చూస్తూ వదిలేశాడు. మూడు కాళ్ళూ విప్పి మూడు గుండ్రాల్లో పెట్టాను. సరిగ్గా కూర్చున్నాయి. నడికర్ర పైకి లాగాను. కర్ర మీద కోసిన ఒక్కొక్క గంటు దగ్గరా టక్కుమని ఆగుతోంది. కాళ్ళ దగ్గర కలిసిన అతుకు చూశాను. మేకు లేకుండా చెక్కలో చెక్క దిగిన అతుకు. అది పడవలు కట్టేవాళ్ళ అతుకు. పెద్దమేస్త్రి కడుపులో ఉన్న సంగతి నా చేతిలో ఉంది. ఒక్కో గంటుకి దీపం ఒక్కో వేళ ఎండ ఎత్తున నిలుస్తుంది. మూడు, నాలుగు, ఐదు. రిపోర్టులు రాసుకోవడానికి ఇన్ని ఎత్తులు అక్కర్లేదు.

నాలుగో గంట గంటు అన్నిటికన్నా నునుపుగా అరిగి ఉంది. దాన్ని వేలితో తడిమాను. తర్వాత ఐదుకీ ఐదున్నరకీ మధ్య ఉన్న గంటు దాకా కర్రని దించి వదిలాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు అధికారి. గొంతు మారింది.

అవ్వ బకెట్టు పక్కన వదిలిన పెద్దమేస్త్రి చొక్కాకి భుజాలు మిగిలే ఉన్నాయి, వీపే అవ్వ కత్తిరించింది. దాన్ని మూలనున్న బట్టల కొయ్య అడ్డకర్రకి తొడిగి, కాలివేళ్ళ చారల పైన, ఆయన భుజాల ఎత్తులో నిలబెట్టాను. గీతలు కొట్టే సుద్దదారం ఉండ తీశాను. గోడ మీద నీడ కుడిభుజం చివర ఒక మేకు, ఎడమభుజం చివర ఒకటి. రెండు దారాలు. ఒకటి చొక్కా కుడిభుజాన్ని తాకుతూ ఇవతలికి లాగాను, ఇంకోటి ఎడమభుజాన్ని తాకుతూ.

"ఎండయితే ఈ రెండు దారాలూ ఎంత లాగినా దగ్గరవ్వవు," అన్నాను. "కిటికీ దాటినా, ఏరు దాటినా పక్కపక్కనే పోతాయి."

దారాలు దగ్గరయ్యాయి. స్టాండు తల మీద, వత్తి ఉండే చోట, కలిశాయి. రెండు కొసల్నీ అక్కడే ముడేశాను.

"ఆయన ప్రాణం పోయినప్పుడు ఆయన మీద పడిన వెలుతురు ఇది. దీపం నీది. స్టాండు నీది. పెట్టింది నువ్వు. పరాయి చెయ్యి పడలేదు. ఇదంతా నేను చెప్పడం లేదు, నీ దస్తూరీనే చెప్తోంది."

అధికారి దారాల ముడి మీంచి చూపు తిప్పుకున్నాడు.

"నిన్న కబురందిన పావుగంటకి వచ్చావు. ఇవాళ యాభై ఐదు నిమిషాలు పట్టింది. నిన్న ఏటికి ఇవతలే, కబురు కోసం కాచుకుని ఉన్నావు. రెండింటికి వెనకమెట్ల మీదుగా వచ్చావు. కిటికీలు మూసి గది నీ దీపానికి సరిపడా చీకటిగా ఉంది. ఆయన తలుపు తీశాడు, గీత సగంలో ఆపి."

"ఆ కాగితం..." అన్నాడు.

"అమ్మగారు చదువుతూ ఉంటారు. రేపు ముందు వరసలో చోటు అడిగారట. చోటు అదే. మనిషి మారతాడు."

అతను గోడకి ఆనుకున్నాడు. పదకొండేళ్ళు ఈ మొహం ఇట్లా పాలిపోవడం ఊహించుకుంటూ పడుకున్నాను. ఊహలో ఇంకా బాగుండేది. నిజంలో చెమట వాసన వేస్తోంది, అంతే.

అక్కడితో ఆగాల్సింది. ఆగే మనిషినే. కానీ ఆ నాలుగో గంటు నా వేలికి ఇంకా తగులుతున్నట్టే ఉంది. అతన్ని ఇంకాస్త కొయ్యాలనిపించింది.

"నిలబెట్టి పట్టుకున్నది ఇద్దరు," అన్నాను. "కుడిచెయ్యి నువ్వు. మూడు వేళ్ళ ఖాళీ. ఎడమచెయ్యి పట్టుకున్నవాడిది పెద్ద చెయ్యి. చేతి వెడల్పు చూసి ఎవణ్ణీ ఉరి తియ్యరు. పేరు చెప్పేవాడు ఒకడుండాలి. లాకప్పులో రెండు రాత్రులుంటే నువ్వే చెప్తావు."

వెనక గడియ పడిన చప్పుడు.

తిరిగి చూశాను. జవాను నీళ్ళవైపు తలుపుకి గడియ వేసి, మేడమెట్ల తలుపు కూడా మూశాడు. తీరిగ్గా గోడ మీద వరసగా వేలాడుతున్న పనిముట్ల దగ్గరికి వెళ్ళి బాడిస తీసుకున్నాడు. చెక్క చెక్కేది, పదును పెట్టి ఉన్నది. వాడి చేతిలో చెంచాలా ఉంది.

"ఒరేయ్, ముందు ఇతన్ని," అన్నాడు అధికారి నన్ను చూపిస్తూ. ప్రాణం లేచొచ్చినట్టయింది అతనికి. "ఇతన్ని చూడు!"

"ఇతను ఏం చెప్తాడండీ?" అన్నాడు జవాను. వాడి గొంతు వినడం అదే మొదలు. మెత్తగా ఉంది. "ఇతనికి నా చెయ్యే తెలుసు. పేరు మీకు తెలుసు."

"నేనెందుకు చెప్తాను రా! ఇన్నేళ్ళు నా ఉప్పు తిన్నావు..."

"నిన్న పెద్దాయన చెయ్యి వదిలేద్దామండీ అంటే, ఇంకొంచెంసేపు పట్టుకోరా, ఊపిరి ఉంది అన్నారు. అట్లాంటివారు నాకోసం నోరు మూసుకుంటారా?"

రెండడుగులు వేశాడు. దారాలు అడ్డం వచ్చాయి. తెంపేశాడు. కొయ్య మీద చొక్కా పడిపోయింది.

అధికారి నా వెనక్కి వచ్చాడు. నా చొక్కా పట్టుకున్నాడు. ఆ సన్నటి వేళ్ళు నా వీపుకి తగిలాయి.

"చెప్తాను," అన్నాడు నా చెవిలో. "నీ తమ్ముడి సంగతి. ఆ నీడ నేను నా కోసం చెయ్యలేదు. చేయించినవాడు ఉన్నాడు. నీ తమ్ముడికి ఉరిశిక్ష వేసినవాడే, ఇవాళ్టికీ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. కోర్టులో చెప్తాను. అందరి ముందూ చెప్తాను. నన్ను బతికించు."

న్యాయాధికారి. నా తమ్ముడి తలకి గుడ్డ తొడగమన్నవాడు. నా ఆరా బిళ్ళ మీద సంతకం పెట్టినవాడు.

మేడమెట్ల తలుపు ఎవరో బాదుతున్నారు. అమ్మగారి గొంతు. గడియ లావుగా ఉంది. పనివాళ్ళని పిలిచి పగలగొట్టించేసరికి నాలుగైదు నిమిషాలు పడుతుంది.

జవాను ఆగి నా మొహం చూశాడు. వాడికి నా మీద కోపం లేదు.

"జరగండి," అన్నాడు. "మీకూ ఇతనంటే పగే కదా. మీ పని నేను చేసిపెడతాను."

పగే. రాత్రీ పగలూ మోసిన పగ. అందులో సగం ఇప్పుడు నా వీపుని పట్టుకుని వణుకుతోంది. మిగతా సగం కోర్టు కుర్చీలో కూర్చుని ఉంది. వీడు చస్తే అది అక్కడే కూర్చుని ఉంటుంది.

స్టాండు నడికర్ర ఊడదీసి చేతికి తీసుకున్నాను.

"జరగండి," అన్నాడు మళ్ళీ, బాడిస ఎత్తి.

జరగలేదు.